చలి పొద్దున కారు తీస్తున్నారా? అర నిమిషం ఆగితే చాలు

తాళం తిప్పీ తిప్పగానే సెల్ఫ్ కొట్టకండి. ముందు ఏసీ, బ్లోయరు, లైట్లు, పాటలు అన్నీ ఆపేయండి. చలికి బ్యాటరీ ఎటూ నీరసంగానే ఉంటుంది, ఉన్న పవరంతా సెల్ఫ్ మోటారుకే అందనివ్వండి. తాళం 'ఆన్' దగ్గర రెండు సెకన్లు ఆపితే చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు వైపు నుంచి సన్నగా జుయ్‌మని వినిపిస్తుంది. ట్యాంకులో పంపు లైనుకి ప్రెషరు ఎక్కిస్తోందన్నమాట. డీజిల్ బండైతే డ్యాష్‌బోర్డు మీద స్ప్రింగులాంటి పసుపు గుర్తు వెలుగుతుంది, అది ఆరేదాకా ఆగండి. అప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లలో అందుకోకపోతే వదిలేసి, అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. అదే పనిగా కొడితే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది. యాక్సిలరేటర్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

బండి అందుకోగానే ఎర్ర ఆయిల్ లైటు చూడండి. రెండు మూడు సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఇంజిన్ ఆపేయండి, ఆయిల్ ఎంతుందో చూడకుండా మళ్లీ స్టార్ట్ చేయొద్దు. ఆరిపోయిందంటే ఆయిల్ ప్రెషరు అందుకున్నట్టే. ఆర్‌పీఎం ముల్లు మొదట 1200 - 1500 దగ్గర ఉంటుంది, కంగారు పడకండి. చల్లగా ఉందని కంప్యూటరే పెట్రోలు కాస్త ఎక్కువ పోస్తోంది. మీరు సీటు బెల్టు పెట్టుకుని అద్దాలు సర్దుకునేలోపు అది కొంచెం దిగుతుంది. ఇక కదలండి. మొత్తం కలిపి అర నిమిషం. బాగా చలిగా ఉంటే ఒక నిమిషం.

నేను నర్సీపట్నంలో టూరిస్టు బండి తిప్పుతాను. శీతాకాలం లంబసింగి బేరాలే ఎక్కువ. "ఐదు నిమిషాలు ఇంజిన్ ఆన్‌లో ఉంచవయ్యా, వేడెక్కాలి" అనే బాబాయి ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. ఆయన అంబాసిడర్ నడిపిన మనిషై ఉంటాడు. ఆ కార్బురేటర్ బళ్లకి ఆ మాట నిజమే. చోక్ లాగి కాసేపు ఉంచకపోతే గేరు వెయ్యగానే ఆగిపోయేవి. ఇప్పటి ఇంజెక్షన్ బళ్లకి ఆ అవసరం లేదు. పైగా నిలబెట్టి ఉంచితే ఇంజిన్ చాలా నిదానంగా వేడెక్కుతుంది. అంతసేపూ ఎక్కువగా పడే పెట్రోలు పూర్తిగా మండదు, సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. 2020 తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బళ్లలో సైలెన్సర్ దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. రోజూ నిలబెట్టి వేడిచేస్తే అది త్వరగా పూడుకుపోతుంది.

అసలు వేడెక్కించడం రోడ్డు మీదే. మొదటి మూడు నాలుగు కిలోమీటర్లు ముల్లు 2000 - 2500 దాటనివ్వకండి. పికప్ కోసం తొక్కొద్దు, అలాగని పై గేరులో ఈడ్చొద్దు కూడా. గేర్‌బాక్సులో ఆయిల్ కూడా చిక్కగా ఉంటుంది, సెకండ్ గేరు కాస్త బిగుసుకుంటే బలవంతపెట్టకుండా నెమ్మదిగా వెయ్యండి. టర్బో బండికి ఈ ఓపిక ఇంకా ముఖ్యం.

లంబసింగిలో రాత్రి ఉండి పొద్దున్నే కిందికి దిగేవాళ్లకి ఇంకో సంగతి. ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్‌కి పనే ఉండదు, అందుకని వేడెక్కదు. డ్యాష్‌బోర్డు మీద నీలం రంగు థర్మామీటర్ గుర్తు ఉన్న బళ్లలో చూడండి, మైదానంలో త్వరగా ఆరిపోయేది ఇక్కడ మలుపు మీద మలుపు తిరిగినా వెలుగుతూనే ఉంటుంది. విసుగొచ్చి న్యూట్రల్‌లో వదలొద్దు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. సెకండ్, థర్డ్‌లో దిగండి. మంచులో ఆ స్పీడే ఎక్కువ. అద్దం లోపలివైపు ఆవిరి పడితే ఏసీ వేసి గాలి అద్దం మీదికి తిప్పండి. బయట మంచు పడితే గుడ్డతో తుడవండి. వేడినీళ్లు పోస్తే అద్దం చిట్లుతుంది, ఆ పని చేసేవాళ్లని అక్కడ చూస్తూనే ఉంటాను.

సైలెన్సర్ నుంచి తెల్లటి ఆవిరి, నాలుగు చుక్కల నీళ్లు రావడం మామూలే. వేడెక్కాక ఆగిపోతాయి. వేడెక్కినా తెల్లపొగ ఆగకుండా, కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కూడా తగ్గుతుంటే మాత్రం మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

షట్టర్ వేసిన షెడ్డులో, గాలాడని సెల్లారులో ఇంజిన్ ఆన్‌లో ఉంచి కూర్చోవద్దు. ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, తెలిసేలోపు మనిషి పోతాడు.

సీఎన్‌జీ బళ్లు చాలావరకు పెట్రోలుతో స్టార్టయి, వేడెక్కాక వాటంతట అవే గ్యాసుకి మారతాయి. అందుకే గ్యాసు బండే కదా అని పెట్రోలు ట్యాంకు ఎండబెట్టకండి.

చదును రోడ్డు మీద పదిహేను నిమిషాలు నడిపినా నీలం గుర్తు ఆరకపోయినా, టెంపరేచర్ ముల్లు కిందే ఉండిపోయినా, హీటరు వేస్తే గోరువెచ్చని గాలే వచ్చినా థర్మోస్టాట్ వాల్వు (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని మూత) తెరుచుకుని ఇరుక్కుందేమో చూపించండి. చాలా బళ్లలో చిన్న పనే. వదిలేస్తే ఇంజిన్ రోజంతా చల్లగా ఉన్నట్టే లెక్కేసుకుని పెట్రోలు ఎక్కువ తాగుతుంది.