ఆక్సిడేషన్ పొటెన్షియల్ నుంచి అయనీకరణ శక్తి అంచనా

అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను లాగడానికి కావాల్సిన శక్తిని (అయనీకరణ శక్తి) వోల్టామెట్రీతో, అంటే ద్రావణంలో వోల్టేజి మారుస్తూ కరెంట్ కొలిచి, అంచనా వేయొచ్చు. విజయవాడలో ఈ పని చేసేవాళ్లకు మొదటి శత్రువు గాలిలో తేమ. వానాకాలంలో సాల్వెంట్‌గా వాడే అసిటోనైట్రైల్ సీసా మూత తీస్తే చాలు, నీరు లాగేసుకుంటుంది. శాంపిల్ అణువు ఎలక్ట్రాన్ పోగొట్టుకుంటే మిగిలే కాటయాన్ రాడికల్‌ను ఆ నీరు బతకనివ్వదు. వోల్టేజిని వెనక్కి తిప్పినప్పుడు గ్రాఫ్‌లో రావాల్సిన తిరుగు శిఖరం మాయమవుతుంది. నీటిని పీల్చే 3 ఆంగ్‌స్ట్రామ్ మాలిక్యులర్ సీవ్స్‌ను 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా కాల్చి, మూతపెట్టి చల్లార్చి, సాల్వెంట్‌లో రెండు రోజులు ఉంచండి.

10 మిల్లీలీటర్ల సాల్వెంట్‌కు కరెంట్ ప్రవహించేలా చేసే ఉప్పు, టెట్రాబ్యూటైలమోనియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, 387 మిల్లీగ్రాములు, శాంపిల్ 1 మిల్లీమోలార్. గ్లాసీ కార్బన్ ఎలక్ట్రోడ్‌ను 0.05 మైక్రాన్ అల్యూమినాతో రుద్ది కడగండి. నైట్రోజన్ 10 నిమిషాలు పంపి, సెకనుకు 100 మిల్లీవోల్టుల వేగంతో స్కాన్ చేయండి. చివర్లో పోలికకు ప్రమాణంగా చిటికెడు ఫెర్రోసీన్ వేసి మళ్లీ స్కాన్ చేయండి. దాని రెండు శిఖరాల మధ్య దూరం 60–90 మిల్లీవోల్టులుంటే ఫర్వాలేదు. 150 దాటితే ద్రావణం నిరోధం ఎక్కువైనట్టు, లేదా ఎలక్ట్రోడ్ మురికి పట్టినట్టు.

శాంపిల్ రెండు శిఖరాల సగటులోంచి ఫెర్రోసీన్ సగటు (రెండూ వోల్టుల్లో) తీసేసి 4.8 కలిపి, ఎలక్ట్రాన్ వోల్టుల్లో అంచనాగా తీసుకోవడం వాడుక. కొందరు 5.1 కలుపుతారు; మీరేది వాడారో తప్పక రాయండి. వచ్చింది వాయుస్థితి అయనీకరణ శక్తి మాత్రం కాదు. ఆంత్రసీన్‌కు ఆ వాయుస్థితి విలువ 7.44 ఎలక్ట్రాన్ వోల్టులు. ద్రావణిలో కాటయాన్‌కు సాల్వెంట్ ఆసరా దొరుకుతుంది కాబట్టి ఈ లెక్క చాలా తక్కువ చూపిస్తుంది. అసలు విలువ కావాలంటే వాయుస్థితి విలువ తెలిసిన, పెరిలీన్ (6.96) లాంటి ఒకే కుటుంబం అణువులతో, పొటెన్షియల్‌కు ఎదురుగా ఆ విలువ పెట్టి సొంత గీత గీసుకోవడమే సరైన దారి. ఆ గీత మీద అమైన్లను పెట్టకండి, వాటికి సాల్వెంట్ ఇచ్చే ఆసరా వేరు. తిరుగు శిఖరం లేని వాటి పొటెన్షియల్ స్కాన్ వేగాన్ని బట్టి జరుగుతుంది, వేగం పదింతలైతే సుమారు 30 మిల్లీవోల్టులు. ఆ అంకెను గీతలో కలపొద్దు.