అప్లికేషన్లు లేని డెస్క్‌టాప్ కావాలంటే ముందు క్రియలు రాసుకోండి

ప్రోగ్రాంలు తెరవకుండా నేరుగా డాక్యుమెంట్లతోనే పని జరిగే కంప్యూటర్ డెస్క్‌టాప్ ఒకటి తయారుచేద్దామనుకున్నాను. నేను మొదట గీసిన డెస్క్‌టాప్ మీద అప్లికేషన్ ఐకాన్ ఒక్కటీ లేదు. అన్నీ డాక్యుమెంట్లే. తెగ మురిసిపోయాను. మర్నాడు ఒక సహోద్యోగిని కూర్చోబెట్టి, "ఒక ఉత్తరం రాసి, మధ్యలో లెక్కల పట్టిక పెట్టండి" అన్నాను. ఉత్తరం బాగానే సాగింది. పట్టిక మీద నొక్కగానే పైన మెనూ మొత్తం మారిపోయింది, అక్షరాల సైజు మార్చే బటన్ ఇంకో మూలకి పోయింది. "ఇప్పుడు నేను వేరే ప్రోగ్రాంలోకి వచ్చానా?" అని అడిగారాయన. నిజమే, వచ్చారు. వీధి గుమ్మంలోంచి పంపేసిన అప్లికేషన్లని పెరటి గుమ్మంలోంచి నేనే లోపలికి రానిచ్చాను.

అందుకే ఇప్పుడు స్క్రీన్ గీసే ముందు కాగితం తీసుకుంటాను. మీరూ ఒక వారం పాటు కంప్యూటర్ మీద ముట్టుకున్న ప్రతి వస్తువునీ ఎడమవైపు రాయండి: ఉత్తరం, ఫొటో, పట్టిక, చేయాల్సిన పనుల జాబితా. కుడివైపు దానితో ఏం చేశారో రాయండి. నా కుడివైపు జాబితా దాదాపు నలభైకి చేరింది. తీరా చూస్తే పేస్ట్, అటాచ్, ఇంపోర్ట్, ఇన్సర్ట్ అన్నీ ఒకటే పని, ఒకచోటిది ఇంకోచోట పెట్టడం. ఒక్కో ప్రోగ్రాం దానికి ఒక్కో పేరు పెట్టుకుంది, అంతే. అలా కలుపుకుంటూ పోతే తొమ్మిది మిగిలాయి: తెరువు, జరుపు, నకలు తియ్యి, తీసెయ్యి, లక్షణాలు చూపించు, దానిలాగే చెయ్యి, వెతుకు, పంపు, వెనక్కి తీసుకో (అన్‌డూ).

ఇది నా తెలివేమీ కాదు. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ అనే కంప్యూటర్ కీబోర్డు మీద జరపడానికి, నకలు తియ్యడానికి, తీసెయ్యడానికి, లక్షణాలు చూడడానికి విడివిడిగా కీలు ఉండేవి. అక్షరాన్ని జరిపినా, బొమ్మని జరిపినా అదే కీ. డాక్యుమెంట్‌ని ప్రింటర్ ఐకాన్ మీద పెడితే అచ్చయ్యేది. ముందు వస్తువుని ఎంచుకోవాలి, తర్వాత పని చెప్పాలి. మనకిది అలవాటైన వరసే. "పట్టికని జరుపు" అంటాం కదా, తెలుగు వాక్యంలో క్రియ చివరే వస్తుంది.

కొత్త డాక్యుమెంట్ ఎక్కణ్ణించి పుట్టాలన్న చిక్కుని 1983లోనే యాపిల్ లీసా కంప్యూటర్ తీర్చింది. దాని తెర మీద ఖాళీ కాగితాల కట్ట బొమ్మ ఉండేది, ఒకటి చింపుకుని రాసుకోవడమే. ఒక్కటి మాత్రం మరవకండి. ఏ డాక్యుమెంట్‌నైనా కట్టగా మార్చుకునే వీలుండాలి, లేకపోతే కట్టలే మళ్లీ అప్లికేషన్ల జాబితాలా తయారవుతాయి.

ఎక్కువ రోజులు పట్టేది డాక్యుమెంట్ లోపలి ముక్కల దగ్గరే, అంటే ఉత్తరం మధ్యలో పెట్టిన పట్టిక, ఫొటో లాంటివాటి దగ్గర. పట్టిక మీద ఒక్క నొక్కు నొక్కితే ఏమవ్వాలి? ఇలా ఒక డాక్యుమెంట్‌లో రకరకాల ముక్కల్ని పొదగడానికి రెండు పాత పద్ధతులున్నాయి. మైక్రోసాఫ్ట్ ఓఎల్ఈ పద్ధతిలో ముందు ముక్క మొత్తం ఎంపికవుతుంది, లోపలికి వెళ్లాలంటే రెండుసార్లు నొక్కాలి. యాపిల్ ఓపెన్‌డాక్ పద్ధతిలో ఒక్క నొక్కుతో కర్సర్ నేరుగా లోపలికి దిగేది. రెండూ చేసి చూశాను. నా ఓటు ఓపెన్‌డాక్‌కే. గడిలో అంకె దిద్దాలనుకున్న మనిషిని గుమ్మం దగ్గర ఆపి "లోపలికి వస్తారా?" అని అడగక్కర్లేదు. ముక్కని పట్టుకుని జరపాలంటే దాని అంచు పట్టుకోవాలి. కాబట్టి అంచు సన్నటి గీతే అయినా, పట్టుకునే చోటు వేలికి సరిపడా వెడల్పుండాలి. ఇక మెనూ సంగతి. తొమ్మిది క్రియల చోటు ఎప్పుడూ కదలకూడదు. ముక్కకి సొంతమైన పనులు, కూడిక లాంటివి, ముక్క పక్కనే కనిపించాలి.

వెనక్కి తీసుకోవడం దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. ప్రతి ముక్కకీ దాని సొంత చరిత్ర పెట్టాను. పట్టికలో ఒక వరస తీసేసి, పైన రెండు వాక్యాలు రాసి, వెనక్కి నొక్కితే వాక్యాలే పోతున్నాయి. వరస తిరిగి రావాలంటే కర్సర్‌ని మళ్లీ పట్టికలో పెట్టాలి. అది ఎవరికి తడుతుంది? డాక్యుమెంట్ మొత్తానికీ ఒక్కటే చిట్టా పెట్టండి, జరిగిన క్రమంలో. ముక్కల్ని దిద్దే కోడ్ ఎవరు రాసినా మార్పుని ముందు ఆ చిట్టాలోనే రాయాలి. ఈ నియమాన్ని మొదటిరోజే పెట్టండి, తర్వాత అతికించడం నరకం.

ఒక ముక్కని దిద్దే కోడ్ ఈ కంప్యూటర్లో లేకపోతే? అక్కడ తెల్లటి డబ్బా చూపించకండి. ప్రతి మార్పుతో పాటు ఆ ముక్క తాజా బొమ్మని కూడా దాచుకోండి. దిద్దలేకపోయినా చదవొచ్చు, అచ్చు వేయొచ్చు. నేను డాక్యుమెంట్ మొత్తాన్ని ఒకే ఎస్‌క్యూలైట్ (ఒక్క ఫైల్లో ఇమిడే చిన్న డేటాబేస్) ఫైల్లో పెడతాను. ముక్కకి ఒక వరస: గుర్తు, రకం, విషయం, బొమ్మ. విషయం, బొమ్మ రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే రాస్తే అన్నీ పడేలా, లేకపోతే ఏదీ పడకుండా ఉండేలా రాస్తే కరెంటు పోయినా ఒకటి కొత్తది, ఒకటి పాతది అయ్యే ప్రమాదం ఉండదు.

పేర్లు అడగకండి. జెఫ్ రాస్కిన్ రూపొందించగా 1987లో వచ్చిన కానన్ క్యాట్ అనే కంప్యూటర్లో ఫైల్ పేర్లే లేవు. స్పేస్ బార్ కింద ఉన్న లీప్ కీ నొక్కిపట్టి కావలసిన మాట టైప్ చేస్తే కర్సర్ అక్కడికి ఎగిరేది. లెక్క చెయ్యాలన్నా రాతలోనే చేసేది, కాలిక్యులేటర్ వేరే అక్కర్లేదు. వెతకడం అంత వేగంగా ఉంటే, పేరు పెట్టాలని మనిషికి ఎప్పుడనిపిస్తే అప్పుడే పెట్టుకుంటాడు.

ఆటలు, వీడియో కాల్స్ జోలికి మాత్రం పోకండి. వాటిని డాక్యుమెంట్లు చెయ్యాలని నేను రెండు వారాలు పాడుచేసుకున్నాను.

అన్నీ మార్చాక అదే సహోద్యోగిని, అదే ఉత్తరంతో మళ్లీ కూర్చోబెట్టాను. పట్టిక పెట్టారు, గడిలో అంకె దిద్దారు, పైన వాక్యం మార్చారు, ఒకసారి వెనక్కి తీసుకున్నారు. ప్రోగ్రాం అన్న మాటే రాలేదు. చివర్లో మాత్రం స్క్రీన్ అంతా వెతికి, "సేవ్ ఏదీ?" అన్నారు. అది ఎప్పటికప్పుడు జరిగిపోతోందని చెప్పినా నమ్మకం కుదరలేదు. ఇప్పుడు డాక్యుమెంట్ అడుగున చిన్న అక్షరాల్లో, చివరి మార్పు ఏ నిమిషంలో భద్రమైందో కనిపిస్తూ ఉంటుంది.