కెర్నల్ పాఠాలు – 7: సిస్టమ్ కాల్ జాడ, తక్కువ కోడ్‌తో

ఈ వారం ఫైల్ సిస్టమ్ మొదలుపెట్టాలి. కానీ పోయిన పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి మీరు పంపిన కోడ్ చూశాక ఫైల్ సిస్టమ్ పాఠాన్ని వచ్చే వారానికి జరిపాను. ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) చేసే సిస్టమ్ కాల్స్‌కు, అంటే కెర్నల్‌ను సేవ కోరే పిలుపులకు, జాడ తీసి ప్రతి కాల్ పేరు, మొదటి ఆర్గ్యుమెంట్, ఫలితం తెర మీద అచ్చు వేయడమే ఆ అభ్యాసం. ద్వారకానగర్‌లో ఆదివారం కలిసి చదువుకునే మిత్రులకూ, గాజువాక, మధురవాడల నుంచి విడిగా రాసి పంపినవారికీ దాదాపు ఒకే చిక్కులు వచ్చాయి. రీడ్ అనే కాల్ జరిగితే తెర మీద కిల్ అనే మరో కాల్ పేరు పడుతోంది. ప్రాసెస్‌కు నకలుగా పిల్ల ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్ రెండుసార్లు తిరిగి రావాలి కదా, జాడ ఒక్కసారే ఎందుకు వస్తోంది? రైట్‌కు ఇచ్చిన మొదటి ఆర్గ్యుమెంట్ ఒకసారి సరిగా, ఒకసారి తప్పుగా పడుతోంది. ఈ మూడూ తేలకుండా ముందుకు వెళ్తే రేపు ఫైల్ సిస్టమ్‌లో దోషం వెతకడానికి మీ చేతిలో నమ్మదగిన సాధనం ఉండదు.

అసలు సంగతి మీ కోడ్ పొడవుతో మొదలవుతుంది. మనం చదువుతున్న బోధనా ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్స్‌వీ6లో మొదటి నుంచీ ఉన్న సిస్టమ్ కాల్స్ 21. చాలామంది ఆ 21 ఫంక్షన్లలోకీ వెళ్ళి ఒక్కో ప్రింట్‌ఎఫ్ పెట్టారు. విశాఖ ఫిషింగ్ హార్బర్ నుంచి ఎన్ని బోట్లు వేటకు వెళ్ళాయో తెలియాలంటే ఒక్కో జెట్టీ దగ్గర ఒక్కో మనిషిని నిలబెట్టరు. సముద్రంలోకి దారితీసే ముఖద్వారం దగ్గర ఒక్కరుంటే చాలు. కెర్నల్‌లో ఆ ముఖద్వారం సిస్‌కాల్ అనే ఫంక్షన్. యూజర్ ప్రోగ్రామ్ చేసే ప్రతి సిస్టమ్ కాల్ అక్కడికే వస్తుంది. ఆ ఫంక్షన్ ట్రాప్‌ఫ్రేమ్‌లోని (కెర్నల్‌లోకి వచ్చేటప్పుడు యూజర్ రిజిస్టర్లను దాచే చోటు) ఏ7 రిజిస్టర్ నుంచి కాల్ సంఖ్యను తీసుకుంటుంది, సంఖ్య హద్దులో ఉందో లేదో చూస్తుంది, పట్టిక నుంచి తగిన ఫంక్షన్‌ను పిలుస్తుంది, వచ్చిన ఫలితాన్ని ఏ0లో రాస్తుంది. మీ జాడ కోడ్ అంతా ఇక్కడే ఉండాలి. మిగతా 21 చోట్లా పెట్టింది తీసేయండి.

జాడ మొదలుపెట్టే ట్రేస్ కాల్‌ను చేర్చడం, ప్రాసెస్ నిర్మాణంలో మాస్క్ అనే పూర్ణాంకం (ఏ కాల్స్ జాడ తీయాలో ఒక్కో బిట్‌తో చెప్పేది) పెట్టడం, ఫోర్క్‌లో దాన్ని పిల్ల ప్రాసెస్‌కు నకలు చేయడం మీకు వచ్చు, మళ్ళీ చెప్పను. మాస్క్‌ను ఆ ప్రాసెస్ తనకు తానే పెట్టుకుంటుంది కాబట్టి దానికి తాళం (లాక్) అక్కర్లేదు.

రీడ్ స్థానంలో కిల్ పడటానికి కారణం పేర్ల పట్టిక. కాల్ సంఖ్యలు 1 నుంచి మొదలవుతాయి: ఫోర్క్ 1, ఎగ్జిట్ 2, వెయిట్ 3, పైప్ 4, రీడ్ 5, కిల్ 6. మీరు పేర్లను వరుసగా రాసేసరికి ఫోర్క్ సున్నా స్థానంలోకి వెళ్ళింది, ప్రతి పేరూ ఒక మెట్టు కిందికి జారింది. మొదట్లో ఒక ఖాళీ పేరు చేర్చి కొందరు దీన్ని సరిచేశారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. రేపు మధ్యలో ఒక కాల్ తీసేస్తే మళ్ళీ అదే గొడవ. ఫంక్షన్ల పట్టికలో చేసినట్టే ప్రతి పేరు ముందూ దాని సంఖ్యకు పెట్టిన స్థిరాంకాన్ని చదరపు బ్రాకెట్లలో రాయండి. ఇంకా మంచిది, రెండు పట్టికలు అసలు వద్దు. ఫంక్షన్, పేరు రెండూ ఉన్న చిన్న స్ట్రక్చర్ ఒకటి పెట్టి ఒకే పట్టిక చేయండి. కొత్త కాల్ చేర్చేవారు పేరు రాయడం మరిచిపోయే వీలు తగ్గుతుంది. పేరును తీసుకోవడం మాత్రం హద్దు పరీక్ష దాటాకే.

ఇక మూడో చిక్కు. దీన్ని పట్టించుకోకుండా వదిలేసినవారే ఎక్కువ, అందుకే విడమరిచి చెబుతాను.

మన కెర్నల్ నడిచే రిస్క్-ఫైవ్ ప్రాసెసర్‌లో ఏ0 రిజిస్టర్ రెండు పనులు చేస్తుంది. లోపలికి వచ్చేటప్పుడు అందులో మొదటి ఆర్గ్యుమెంట్ ఉంటుంది, బయటికి వెళ్ళేటప్పుడు ఫలితం ఉంటుంది. మీరు ఫంక్షన్‌ను పిలిచి, ఫలితాన్ని ఏ0లో రాసి, ఆ తర్వాత ఆర్గ్యుమెంట్ కోసం అదే ఏ0ను చదివారు. అక్కడ ఇప్పుడున్నది ఫలితం. ఇచ్చిన మాటను తెర మీద రాసే ఎకో ప్రోగ్రామ్‌కు వైజాగ్ అని 5 ఇంగ్లిష్ అక్షరాలు ఇచ్చి జాడ తీయండి. ఎకో ముందు ఆ 5 బైట్లు రాస్తుంది, తర్వాత కొత్త పంక్తి కోసం 1 బైటు రాస్తుంది. రెండూ డిస్క్రిప్టర్ 1కే (తెరను సూచించే సంఖ్య, రైట్‌కు మొదటి ఆర్గ్యుమెంట్ ఇదే). మీ కోడ్‌లో పడేది ఇది:

రైట్(5) -> 5
రైట్(1) -> 1

మొదటిది తప్పు. రెండోది కూడా తప్పే, కాకపోతే డిస్క్రిప్టరూ ఫలితమూ రెండూ 1 కావడంతో సరైనట్టు కనిపిస్తోంది. ఫైళ్ళ జాబితా చూపే ఎల్ఎస్ మీద పరీక్షించినవారు మోసపోయింది ఇక్కడే. ఎల్ఎస్ యూజర్ వైపు ప్రింట్‌ఎఫ్‌ను వాడుతుంది, అది ఒక్కో అక్షరానికీ ఒక్కో రైట్ చేస్తుంది. కాబట్టి ప్రతి పంక్తిలోనూ 1, ప్రతి ఫలితమూ 1. వందల పంక్తులు పరిశీలించినా దోషం బయటపడదు. మీ ఆదేశాలు తీసుకునే షెల్ మీద రీడ్ జాడ తీయండి: డిస్క్రిప్టర్ 0 నుంచి ఒక్కో అక్షరమే చదువుతుంది, మీ తెర మాత్రం 1 అంటుంది. దోష సందేశాలు రాసే ప్రోగ్రామ్ మీద తీయండి: డిస్క్రిప్టర్ 2 ఉండాల్సిన చోట మళ్ళీ 1. ఫలితమూ ఆర్గ్యుమెంటూ వేర్వేరుగా ఉండే ఉదాహరణ మీద పరీక్షించనిదే సరిగా ఉందని అనుకోవద్దు.

లినక్స్ రాసేవారికీ ఇదే ఎదురైంది. రిస్క్-ఫైవ్ లినక్స్‌లో భద్రపరిచే రిజిస్టర్ల పట్టికలో ఒరిగ్-ఏ0 అని ప్రత్యేక గడి ఉంది, పాత విలువ అందులో నిలుస్తుంది. ఎక్స్86లో కాల్ సంఖ్య, ఫలితం రెండూ ఏఎక్స్‌లోనే ఉంటాయి కాబట్టి అక్కడ ఒరిగ్-ఏఎక్స్ పెట్టారు. మనకు అంత అక్కర్లేదు. పిలిచే ముందు ఏ0ను సిస్‌కాల్‌లోనే ఒక స్థానిక చరరాశిలో దాచుకోండి, పిలిచి వచ్చాక ఆర్గ్యుమెంటునూ ఫలితాన్నీ కలిపి అచ్చు వేయండి.

స్థానిక చరరాశి అని ఊరికే అనలేదు. ఇద్దరు ముగ్గురు దాన్ని గ్లోబల్‌గా పెట్టారు. షెల్ రీడ్‌లో నిద్రపోతుంది, మీరు ఎంటర్ నొక్కేదాకా లేవదు. ఈలోగా మరో ప్రాసెస్ వచ్చి ఆ గ్లోబల్‌ను తుడిచి తన విలువ రాస్తుంది. ప్రతి ప్రాసెస్‌కూ తన కెర్నల్ స్టాక్ విడిగా ఉంటుంది, స్థానిక చరరాశి ఆ స్టాక్ మీద ఉంటుంది కాబట్టి ఎంతసేపు నిద్రపోయినా విలువ చెక్కుచెదరదు.

అలాగే సగం పంక్తి ముందు, సగం పంక్తి తర్వాత అచ్చు వేయవద్దు. మన మేక్‌ఫైల్ కెర్నల్‌ను నడిపే ఎమ్యులేటర్ క్యూఈఎమ్‌యూకు మామూలుగా 3 సీపీయూలు ఇస్తుంది. కెర్నల్ ప్రింట్‌ఎఫ్ ఒక పిలుపు ముగిసేదాకా తాళం పట్టుకుంటుంది, రెండు పిలుపుల మధ్య కాదు. ఒక పంక్తికి ఒకే ప్రింట్‌ఎఫ్. ప్రోగ్రామ్ సొంత అక్షరాలు జాడతో కలగలిసి కనిపించవచ్చు. రెండూ ఒకే కన్సోల్‌కు పోతున్నాయి, కంగారు పడకండి.

ఫోర్క్ సంగతి చిన్నది. తల్లి ప్రాసెస్ మాత్రమే సిస్‌కాల్ గుండా వెనక్కి వస్తుంది. పిల్ల తొలిసారి నడిచేది ఫోర్క్‌రెట్ అనే ఫంక్షన్ నుంచి, అక్కడి నుంచి నేరుగా యూజర్ వైపు పోతుంది. దాని ఏ0లో సున్నాను ఫోర్క్ ముందే పెట్టి ఉంచింది. అందుకే మీ జాడలో ఒకే పంక్తి. అది సరైనదే.

ఇవన్నీ చేశాక సిస్‌కాల్‌లో మీరు చేర్చిన కోడ్ నాలుగైదు పంక్తులు దాటకూడదు. దాటితే ఎక్కడో అనవసరమైన షరతు ఉన్నట్టే, వెతకండి.

అభ్యాసం ఈసారి కష్టమైనదే, తొందరపడకండి. ఎగ్జిట్ ఎప్పుడూ తిరిగి రాదు, కాబట్టి పిలిచాక అచ్చు వేసే మన పద్ధతిలో దాని జాడ కనిపించదు. దాన్ని కనిపించేలా చేయండి. సిస్‌కాల్ లోపల "సంఖ్య ఎగ్జిట్ అయితే" అనే పోలిక మాత్రం ఒప్పుకోను; పట్టికలో మరో గడి చేర్చుకోవచ్చు. తర్వాత ప్రాసెస్‌లోకి కొత్త ప్రోగ్రామ్‌ను తెచ్చే ఎగ్జెక్‌కు ఇచ్చిన ఫైలు పేరును అక్షరాలుగా చూపండి. ఎగ్జెక్ గెలిస్తే ప్రాసెస్ పాత మెమరీ పోతుంది కాబట్టి పేరును పిలిచే ముందే తెచ్చుకోవాలి. యూజర్ చెడ్డ చిరునామా ఇచ్చినా కెర్నల్ పడిపోకూడదు.

చివరగా మాస్క్ 2147483647 ఇచ్చి, రీడ్‌మీ ఫైలులో హలో అనే మాట కోసం గ్రెప్ నడపండి. ఎగ్జెక్ ఫలితం 3, ఆ వెంటనే ఓపెన్ ఫలితం కూడా 3 అని వస్తుంది. ఆ రెండు మూళ్ళూ ఎక్కడి నుంచి వచ్చాయో, వేర్వేరు కారణాలేమిటో, కోడ్‌లో ఏ పంక్తులు వాటిని ఇస్తున్నాయో ఒక పేరాలో రాసి శనివారంలోగా పంపండి.