నష్టాల్లో ఉన్న టెక్ కంపెనీ షేర్లు మీ దగ్గర ఉంటే ఏం చేయాలి?

రంగమంతా పడిపోతున్నప్పుడు టెక్ షేర్లు పట్టుకున్నవాళ్లు అడిగేది ఒకటే: "నేను కొన్న రేటు మళ్లీ వస్తుందా?" ఆ ప్రశ్న పక్కన పెట్టండి. మీరు కొన్న రేటుకూ, కంపెనీ బతుకుతుందా లేదా అన్నదానికీ ఏ సంబంధమూ లేదు. టెక్ షేర్లు ఎక్కువగా ఉండే అమెరికా సూచీ నాస్‌డాక్ 2000 మార్చిలో అందుకున్న శిఖరాన్ని మళ్లీ చేరింది 2015లో. అసలు రేటు కోసం అంతకాలం ఎదురుచూడటం పద్ధతి కాదు.

కావలసినవి: తాజా వార్షిక నివేదిక, గత నాలుగు త్రైమాసికాల ఫలితాలు, ఒక కాగితం. నివేదిక, ఫలితాలు కంపెనీ వెబ్‌సైట్లోనే దొరుకుతాయి. రేటు వారానికి ఒకసారి చూస్తే చాలు, రోజూ చూస్తే టెన్షన్ తప్ప ఏమీ రాదు.

ముందుగా పోటీ కంపెనీల అమ్మకాలతో పోల్చండి. అందరివీ దాదాపు ఒకేలా తగ్గితే అది రంగం బాధ. మీ కంపెనీవి మాత్రమే బాగా పడిపోతే కస్టమర్లు వెళ్లిపోతున్నట్టు. అలాంటప్పుడు రంగం కోలుకున్నా మీకు ఒరిగేది తక్కువ.

ఇప్పుడు అసలు పని: చేతిలో ఉన్న నగదు ఎంతకాలం వస్తుంది? చాలామంది బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చేయండి. లాభనష్టాల పట్టిక కాదు, క్యాష్ ఫ్లో పట్టిక, అంటే నగదు ఎంత వచ్చింది, ఎంత పోయింది అని చూపే పట్టిక తీయండి. నగదు 300 కోట్లు, త్రైమాసికానికి బయటికి పోయేది 50 కోట్లు అనుకుందాం. భాగిస్తే ఆరు త్రైమాసికాలు, అంటే ఏడాదిన్నర. ఇక్కడితో ఆగిపోయి "ఫర్వాలేదు" అనుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఆ 300 కోట్లలో 60 కోట్లు బ్యాంకు గ్యారంటీల (కంపెనీ తరఫున బ్యాంకు ఇచ్చే హామీల) కింద ఇరుక్కుని ఉండొచ్చు. నివేదిక చివర నోట్సులో ఉంటుంది, తీసేయండి. వచ్చే ఏడాది తీర్చాల్సిన అప్పు 140 కోట్లు ఉందా? అదీ తీసేయండి. మిగిలింది 100 కోట్లు. ఏడాదిన్నర అనుకున్నది ఆరు నెలలైంది.

ఆ 50 కోట్లను కూడా వెంటనే నమ్మొద్దు. సరఫరాదారుల బిల్లులు ఆపేస్తే ఆ మూడు నెలలు ఖర్చు తక్కువగా కనిపిస్తుంది. అమ్మకాలు తగ్గుతుంటే చెల్లించాల్సిన బిల్లులు పెరుగుతున్నాయంటే జరుగుతున్నది అదే. అందుకే ఒక్క త్రైమాసికం కాదు, నాలుగింటి సగటు తీసుకోండి. భవనం అమ్మితే వచ్చిన డబ్బును లెక్కలో కలపకండి, అది మళ్లీ రాదు. హార్డ్‌వేర్ కంపెనీ అయితే అమ్ముడుపోని సరుకూ చూడాలి. 2001లో నెట్‌వర్క్ పరికరాలు చేసే సిస్కో అంతటి కంపెనీ 200 కోట్ల డాలర్లకు పైగా విలువైన సరుకును నష్టం కింద రాసేసింది.

నగదుకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే అమెజాన్‌ను చూడండి. 2000 ఫిబ్రవరిలో, మార్కెట్ కూలడానికి కొన్ని వారాల ముందు, బాండ్లు (అప్పు పత్రాలు) అమ్మి 69 కోట్ల యూరోలు తెచ్చుకుంది. తర్వాత షేరు 90 శాతానికి పైగా పడింది, కంపెనీ మాత్రం నిలబడింది. రేటు చార్టులో గీతలు గీసి ఊహించేవాళ్లకు ఈ తేడా ఎప్పటికీ కనిపించదు.

లెక్క తేలేదాకా యావరేజ్ చేయొద్దు, అంటే పడిన రేటుకు ఇంకొన్ని షేర్లు కొనొద్దు. సగటు ధర తగ్గుతుంది, నిజమే. కానీ ఒకే కంపెనీలో ఇరుక్కున్న మీ డబ్బు పెరుగుతుంది. మీరు అదే కంపెనీలో ఉద్యోగి అయితే అసలే వద్దు, కొంత అమ్మేయండి కూడా. కంపెనీ మూతపడితే జీతం, పొదుపు ఒకే రోజు పోతాయి.

చేతిలో నగదు ఏడాదికి సరిపోకపోతే ఆ షేర్లు నేను ఉంచను. అంతకంటే ఎక్కువుంటే, ఎప్పుడు అమ్మాలో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి: "వచ్చే రెండు ఫలితాల్లో నగదు ఇంతకంటే తగ్గితే అమ్మేస్తాను." ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మొత్తం షేర్ల సంఖ్యను కూడా పక్కన రాయండి. కంపెనీ కొత్త షేర్లు జారీ చేసి డబ్బు తెచ్చుకుంటే నగదు పెరిగినట్టు కనిపిస్తుంది, కంపెనీలో మీ వాటా మాత్రం తగ్గి ఉంటుంది.