ఆట ఆడుతూనే మోడలింగ్: ఆస్ట్రేలియా క్రీడాకారిణులకు పనికొచ్చే పద్ధతి

2012లో బార్సిలోనా జూనియర్ ప్రపంచ అథ్లెటిక్స్‌లో హర్డిల్స్‌కు ముందు ఆస్ట్రేలియా రన్నర్ మిషెల్ జెనెకె చేసిన వార్మప్ వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఆ పేరుతో మోడలింగ్ అవకాశాలూ వచ్చాయి. అయినా ఆమె పరుగు ఆపలేదు. 2016 రియో, 2024 పారిస్ ఒలింపిక్స్ రెండింట్లోనూ పోటీపడింది. ఆటను ముందు పెట్టుకుని మోడలింగ్‌ను దాని పక్కన నడపడమే సరైన వరుస.

ముందు ఏజెన్సీకి పంపే ఫోటోలు. వీటిని డిజిటల్స్ అంటారు. స్టూడియో అక్కర్లేదు, కిటికీ ఎదురుగా తెల్లగోడ చాలు. మేకప్ వద్దు, జుట్టు వెనక్కి కట్టాలి, ఒంటికి అతికే నల్ల సింగ్లెట్ (చేతుల్లేని బనియన్), టైట్స్ వేసుకోవాలి. ఎదురు, రెండు పక్కలు, వెనుక, ముఖం దగ్గరగా ఒకటి, నిలువెత్తున ఒకటి తీయాలి. నిలువెత్తు ఫోటోకు ఫోన్‌ను నడుం ఎత్తులో, సుమారు 3 మీటర్ల దూరంలో పట్టుకోవాలి. కంటి ఎత్తు నుంచి తీస్తే కాళ్లు పొట్టిగా పడతాయి. బాగా దగ్గరికొస్తే ముక్కు పెద్దదిగా కనిపిస్తుంది.

కొలతలు ప్రాక్టీసుకు ముందే, ఉదయం తీసుకోండి. వ్యాయామం చేశాక కండరాలు ఉబ్బి తొడ కొలత మారుతుంది. ఈతగత్తెలు, రోయర్లు (తెడ్డు పడవ పందేలవాళ్లు) ఛాతీ, నడుం, తుంటితో పాటు భుజాల వెడల్పు, తొడ చుట్టుకొలత కూడా రాయాలి. నడుం సరిపోయినా భుజం దగ్గర జిప్ పడక షూట్ రోజున బట్టలు తిరస్కరించడం మామూలుగా జరిగేదే. అది మీ ఒంటి తప్పు కాదు. కొలత ముందే చెప్పి ఉంటే స్టైలిస్ట్ వేరే సైజు తెచ్చుకునేవారు.

అసలు ప్రమాదం మందులతో. మొటిమలకు డాక్టర్లు ఆడపిల్లలకు రాసే స్పైరనోలాక్టోన్ డైయూరెటిక్ కూడా. ఒంట్లో నీరు తగ్గించే ఈ తరగతి మందులు దాదాపు అన్నీ డోపింగ్ నిషేధిత జాబితాలో ఉన్నాయి. షూట్ ముందు సన్నగా కనిపించాలని నీటి మాత్ర వేసుకున్నా అంతే. 2003 ప్రపంచకప్ ముందు షేన్ వార్న్ డైయూరెటిక్‌తోనే పట్టుబడి ఏడాది నిషేధానికి గురయ్యాడు. ఏ మందైనా మింగే ముందు స్పోర్ట్ ఇంటెగ్రిటీ ఆస్ట్రేలియా వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. వైద్యపరంగా తప్పనిసరి అయితే ముందే మినహాయింపు అడగాలి. టెస్టింగ్ పూల్‌లో (డోపింగ్ పరీక్షలకు ఎంపికైనవాళ్ల జాబితాలో) ఉన్నవాళ్లు పరీక్షకు దొరికేలా రోజుకో 60 నిమిషాల సమయం, చోటు రాసివ్వాలి. షూట్ కోసం ఊరు మారితే దాన్నీ మార్చాలి. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే అది కూడా ఉల్లంఘనే.

తిండి తగ్గించమని క్లయింట్ అడిగితే ఒప్పుకోకండి. శిక్షణకు చాలినంత శక్తి అందకపోతే నెలసరి తప్పవచ్చు, ఎముకల్లో పగుళ్లు రావచ్చు. నెలసరి ఆగితే దాన్ని ఫిట్‌నెస్ అనుకోవద్దు, స్పోర్ట్స్ డాక్టర్‌ను కలవాలి.

షూట్ ఉదయం ఈత మానుకోండి, గాగుల్స్ గుర్తులు తొందరగా పోవు. రెండు గంటల ముందు నుంచీ వదులు బట్టలే వేసుకుంటే స్ట్రాప్ గీతలు పడవు. కృత్రిమ టాన్ (చర్మానికి గోధుమ రంగు పూత) వేయించుకోవాల్సి వస్తే ఆ రోజు ప్రాక్టీసు ముగిశాకే. తర్వాత చెమట పడితే చారలు తేలతాయి.

ఒప్పందంలో నాలుగు మాటలు వెతకండి: ఫోటో ఎన్నాళ్లు వాడతారు, ఏ దేశాల్లో, ఏ మాధ్యమాల్లో, ఏ రకం వస్తువులో వేరే బ్రాండ్‌కు పనిచేయనని మీరు కట్టుబడుతున్నారు. బూట్ల స్పాన్సర్ ఇప్పటికే ఉంటే ఆ వర్గాన్ని పేరుపెట్టి మినహాయించాలి. జాతీయ జట్టు జెర్సీతో ఫోటోకు మీ క్రీడా సంఘం అనుమతి కావాలి. ఒలింపిక్స్ రోజుల్లో ప్రకటనలకు ప్రత్యేక నియమాలున్నాయి కాబట్టి ముందే అడగండి. చేర్చుకోవడానికి డబ్బు కట్టమనే ఏజెన్సీ నుంచి లేచి వచ్చేయండి; మంచి ఏజెన్సీ మీకొచ్చే పనిలోంచి కమిషన్ తీసుకుంటుంది.

స్టూడెంట్ వీసాపై మెల్‌బోర్న్, సిడ్నీల్లో చదివే మన అమ్మాయిలు ఇంకొకటి చూసుకోవాలి. తరగతులు జరిగే కాలంలో పక్షానికి 48 గంటల పని పరిమితిలో షూట్ గంటలూ లెక్కే, సొంత ఏబీఎన్‌తో (ఆస్ట్రేలియా వ్యాపార నంబర్‌తో) బిల్లు వేసినా సరే.