పఠన బృందంలోని పుస్తకంపై తల్లిదండ్రుల అభ్యంతరం వచ్చినప్పుడు

తరగతిలో కొందరు పిల్లలు కలిసి ఒకే పుస్తకం చదివి చర్చించుకునే పఠన బృందంలో చదివిస్తున్న పుస్తకం మీద తల్లి గానీ తండ్రి గానీ అభ్యంతరం చెప్పినప్పుడు, వారు అడుగుతున్నది "మా బిడ్డ ఈ పుస్తకం చదవకూడదు" అనా, లేక "ఏ బిడ్డా చదవకూడదు" అనా అన్నది ఉపాధ్యాయులు మొట్టమొదట తేల్చుకోవాలి. వినడానికి రెండూ దగ్గరగానే ఉంటాయి. కానీ మొదటిది తమ బిడ్డ గురించి పెద్దలు చేసే విన్నపం, రెండవది ఇతరుల పిల్లల చదువును కూడా మార్చే కోరిక. మొదటిదానికి ఉపాధ్యాయులే పరిష్కారం చూపవచ్చు. రెండవదానికి ప్రధానోపాధ్యాయులతో సహా ఏ ఒక్కరూ ఒంటరిగా జవాబు ఇవ్వకూడదు.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో తల్లిదండ్రులు, బిడ్డ అనే రెండు పక్షాలకూ చోటుంది. బిడ్డ ఎదుగుతున్న శక్తిసామర్థ్యాలకు తగినట్టు దారి చూపే హక్కును, బాధ్యతను 5వ అధికరణం తల్లిదండ్రులకు గుర్తిస్తే, సమాచారాన్నీ ఆలోచనలనూ వెతికి అందుకునే స్వేచ్ఛను 13వ అధికరణం బిడ్డకు గుర్తిస్తుంది. "ఎదుగుతున్న" అన్న మాటను పట్టించుకోవాలి. పదేళ్ళ బిడ్డ విషయంలో తల్లి చెప్పిన మాటకు ఉండే బరువు, పదహారేళ్ళ బిడ్డ విషయంలో అంతే ఉండదు.

పుస్తకాన్ని ఎంపిక చేసిన రోజే సగం పని పూర్తి చేసుకోవచ్చు. ఉపాధ్యాయులు దాన్ని చివరి పేజీ వరకు స్వయంగా చదివి, ఏ వయసు వారికి, ఎందుకు ఎంచుకున్నారో, మరణం, హింస, వివక్ష వంటి బరువైన విషయాలు ఏవైనా ఉంటే వాటిని ఎలా చర్చించబోతున్నారో అర పేజీలో రాసి, చదవడం మొదలుకాకముందే ఇళ్ళకు పంపాలి. దాచిపెట్టారన్న అనుమానమే చాలాసార్లు చిన్న సందేహాన్ని పెద్ద గొడవగా మారుస్తుంది.

అభ్యంతరం వచ్చాక దానికి వాట్సాప్ గ్రూపులో జవాబు రాయకూడదు. ఫోన్ చేసి, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడాలి. "మీరు పుస్తకం మొత్తం చదివారా?" అన్న ప్రశ్న న్యాయమైనదే అయినా, దానితో సంభాషణ మొదలుపెడితే అది నిందలా వినిపిస్తుంది. "మిమ్మల్ని కలవరపెట్టిన భాగం ఏది?" అని అడిగి, ఆ పేజీని కలిసి చదివి, వారి మాటలను వారి మాటల్లోనే రాసుకోవడం మేలు. ఇంట్లో ఈమధ్యే ఎవరో పోయి ఉండవచ్చు, ఆ అధ్యాయం చదివాక బిడ్డకు రాత్రులు నిద్ర పట్టకపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు పుస్తకం గొప్పతనాన్ని వివరించడం తల్లి బాధను పక్కకు నెట్టడమే అవుతుంది. ఆ బిడ్డకు ఏం చేయాలన్నదే అప్పుడు మాట్లాడవలసిన విషయం.

వేరే పుస్తకం ఇవ్వవలసి వస్తే, అదే ఇతివృత్తంతో, దాదాపు అదే నిడివితో, అవే చర్చా ప్రశ్నలకు తగినదిగా ఉండాలి. బిడ్డను వరండాలో ఒంటరిగా కూర్చోబెట్టి ఏదో ఒకటి చదువుకోమనడం శిక్షే. తరగతి మొత్తానికి ఒకే పుస్తకం పెట్టే పద్ధతి కంటే పఠన బృందాల పద్ధతి ఇక్కడే అక్కరకు వస్తుంది: మూడు నాలుగు బృందాలు ఎలాగూ వేర్వేరు పుస్తకాలు చదువుతుంటే, ఒక బిడ్డ బృందం మారడం ఎవరి దృష్టికీ ప్రత్యేకంగా రాదు. మార్చే ముందు ఆ బిడ్డ అభిప్రాయం కూడా అడగాలి. పెద్దల చర్చలో ఎక్కువగా మరచిపోయేది ఆ బిడ్డనే.

అందరికీ ఆ పుస్తకం తీసివేయాలని కోరితే, విన్నపాన్ని రాతపూర్వకంగా తీసుకుని, ఉపాధ్యాయులు, గ్రంథపాలకులు, ఒకరిద్దరు తల్లిదండ్రులు ఉన్న చిన్న సంఘానికి అప్పగించాలి. వారంతా పుస్తకాన్ని పూర్తిగా చదవాలి, ఎప్పటిలోగా నిర్ణయం చెబుతారో ముందే తెలియజేయాలి. పరిశీలన ముగిసేదాకా పుస్తకం అందుబాటులోనే ఉండాలని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ గ్రంథాలయాలకు సూచిస్తుంది. పఠన బృందాలకూ అదే సరైన పద్ధతి, ఎందుకంటే ఫిర్యాదు అందిన వెంటనే పుస్తకాన్ని తీసేస్తే విచారణకు ముందే తీర్పు వచ్చినట్టు అవుతుంది.

ఒక్కోసారి తల్లిదండ్రుల మాటే నిజం. పుస్తకం మంచిదే అయినా ఆ తరగతికి రెండేళ్ళు ముందుగా వచ్చిందని తేలితే, ఆ సంగతి సూటిగా ఒప్పుకుని పై తరగతికి మార్చాలి. కానీ గొడవ ఎందుకులే అని ఎవరికీ చెప్పకుండా జాబితా నుంచి తీసేయడం అన్నిటికంటే చెడ్డ పరిష్కారం, ఎందుకంటే మరుసటి ఏడాది ఉపాధ్యాయులు అలాంటి పుస్తకం జోలికే వెళ్ళరు, ఎందుకు వెళ్ళలేదో అడిగేవారూ ఉండరు. అందుకే నిర్ణయం ఏదైనా కారణాలతో సహా రాసి అభ్యంతరం చెప్పినవారికి అందజేయాలి, ఒక ప్రతిని పాఠశాలలో భద్రపరచాలి. ఆ తర్వాత కొన్ని వారాల పాటు, ఆ బిడ్డ బృందంలో మునుపటిలా నోరు విప్పి మాట్లాడుతున్నదా లేదా అని ఉపాధ్యాయులు గమనిస్తూ ఉండాలి.