కారుతో వచ్చిన కంపెనీ స్టీరియో ఊడదీస్తుంటే ఎక్కడ ఇరుక్కుంటాం, ఎలా బయటపడాలి

నేను మొదటిసారి స్టీరియో ఊడదీసిన రోజు, పని మొదలుపెట్టిన పది నిమిషాలకే డ్యాష్‌బోర్డు మధ్య ప్యానెల్ మూల "ఫట్" మంది. ఆ పగులు ఇంకా అలాగే ఉంది. కారెక్కిన ప్రతివాళ్లూ దాని మీద వేలు పెట్టి "ఇదేంటి?" అని అడుగుతారు. ఏసీ నాబ్ వెనక ఒక స్క్రూ ఉందని నాకు తెలియదు, క్లిప్పు బిగుసుకుందనుకుని లాగాను. ఆ తర్వాత బావగారి కారూ, ఇద్దరు స్నేహితుల కార్లూ విప్పాను. రానిదాన్ని లాగకుండా, దాన్ని ఏది పట్టుకుని ఉందో వెతికినన్నాళ్లూ మళ్లీ ఏదీ విరగలేదు.

చెయ్యి పెట్టే ముందు కొన్ని పనులున్నాయి. స్టీరియోకి సెక్యూరిటీ కోడ్ ఉందేమో ఓనర్ బుక్కులో, గ్లవ్ బాక్సులో చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, టైరు కింద రాయి పెట్టి, గేరు రెండులోకి వెయ్యండి. రాడ్డు వెనక్కి వచ్చి ప్యానెల్‌కి దారి ఇస్తుంది. ఆటోమేటిక్ అయితే బ్యాటరీ తీయకముందే లివర్ కిందికి దించాలి, కరెంటు పోయాక లాకు విడవదు. తాళం ఆపేసి, 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ మైనస్ వైరు విప్పండి. మైనస్సే ముందు, ఎందుకంటే ప్లస్ విప్పుతూ స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పులు కురుస్తాయి. తీశాక ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిలవున్న కరెంటు దిగేదాకా కనీసం 3 నిమిషాలు ఆగాలి. నేనైతే ఇంట్లోకెళ్లి టీ తాగి వస్తాను.

ప్యానెల్ ఒక పక్క వస్తోంది, రెండో పక్క కదలడం లేదు

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. క్లిప్పుల మీదే ఉన్న ప్యానెల్ అన్ని వైపులా ఇంచుమించు ఒకే బిగువుతో ఉంటుంది. ఒక మూల రాయిలా ఉండి మిగతాది విల్లులా వంగుతోందంటే, ఆ మూల స్క్రూ ఉన్నట్టే. వెంటనే చెయ్యి తీసేయండి.

స్క్రూలు దాక్కునే చోట్లు కొన్నే. స్టీరియో సెట్టు కింద ఉండే చిన్న అరలో రబ్బరు మ్యాట్ ఎత్తి చూడండి. ఏసీ నాబ్‌లు చాలా కార్లలో సూటిగా లాగితే వచ్చేస్తాయి, వాటి వెనక చూడండి. గాలి వచ్చే వెంట్ల లోపలికి టార్చి వెయ్యండి. యాష్‌ట్రే ఉంటే పూర్తిగా బయటికి లాగి దాని వెనక, రూపాయి బిళ్లంత ప్లాస్టిక్ మూతలు కనిపిస్తే వాటి కింద కూడా చూడండి. కొన్ని కార్లలో గేరు చుట్టూ ఉండే కవరు ముందు తీస్తేగానీ పై ప్యానెల్ కింది స్క్రూలు కనపడవు.

స్క్రూలన్నీ తీశాక కూడా రాకపోతే, అప్పుడు క్లిప్పుల సంగతి. ఇనుప స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టినా అంచు మీద గాటు పడుతుంది. పాత ఏటీఎం కార్డుతో సందు చేసి, అందులోకి ప్లాస్టిక్ ట్రిమ్ టూల్ దూర్చి, క్లిప్పు ఉన్న చోటుకి దగ్గరగా పట్టుకుని మీ వైపుకి సూటిగా లాగండి. మూల పట్టుకుని మెలిపెడితే నా కారుకి పట్టిన గతే. చలికాలం తెల్లవారుజామున ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, కారుని కాసేపు ఎండలో పెట్టి మొదలుపెట్టండి. అలాగని మే నెలలో రెంటచింతల ఎండకి నిలబెట్టకండి, మెత్తబడ్డ ప్లాస్టిక్ మీద టూల్ అచ్చు అలాగే దిగిపోతుంది.

ప్యానెల్ జానెడు ముందుకొచ్చి ఆగిందా? వెనక హజార్డ్ బటన్ (ఇండికేటర్లన్నీ ఒకేసారి వెలిగించేది), గడియారం, ఏసీ కంట్రోల్ వైర్లు పట్టుకుని ఉంటాయి. ఫోన్‌తో ఫోటో తీసుకుని ఒక్కొక్క కప్లర్ (వైర్ల చివర ఉండే ప్లాస్టిక్ ప్లగ్గు) లాకు నొక్కి విప్పండి. పసుపు రంగు కప్లర్ కనిపిస్తే సాధారణంగా అది ఎయిర్‌బ్యాగ్‌ది, మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పిన్ను కూడా దానికి తగలనివ్వకండి. ఊడి డ్యాష్‌బోర్డులోనే ఉండిపోయిన క్లిప్పుల్ని కటింగ్ ప్లేయర్‌తో పీకి, తిరిగి ప్యానెల్‌కి తొడిగి పెట్టుకోండి. లేకపోతే బిగించేటప్పుడు ఆ మూల పట్టదు.

ప్యానెల్ వచ్చింది, సెట్టు మాత్రం రావడం లేదు

జపాన్, కొరియా తరహా కార్లలో సెట్టు రెండు పక్కలా ఇనుప పట్టీలుంటాయి. నాలుగు స్టార్ స్క్రూలో, 10 నంబరు బోల్టులో తీస్తే వస్తుంది. నాలుగూ తీసినా కదలకపోతే వెనక ఒక పిన్ను రబ్బరు రంధ్రంలో దూరి ఉండొచ్చు. పైకీ కిందికీ మెల్లగా ఊపుతూ లాగండి.

పాత ఫోర్డ్, ఫోక్స్‌వ్యాగన్ లాంటి కొన్ని యూరప్ తరహా సెట్లకి స్క్రూలుండవు. ముఖం మీదే రెండు పక్కలా చిన్న రంధ్రాలో, సన్నటి చీలికలో ఉంటాయి. వాటిలోకి తీగ కీలు, అంటే సెట్టు ఊడదీసే తాళంచెవుల్లాంటి పుల్లలు, దూర్చాలి. "టిక్" అన్నాక కీలని పక్కలకి విడదీసి పట్టుకుని లాగాలి. కీలు లోపలే ఇరుక్కుపోయాయని చాలామంది కంగారుపడతారు. అవి అలాగే ఉంటాయి, సెట్టు బయటికొచ్చాక పక్కనున్న స్ప్రింగులు నొక్కితే వదులుతాయి.

కొత్త సెట్టు కొనేముందు కొలత చూసుకోండి. సింగిల్ డిన్ అంటే ముఖం 180 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. ఎత్తు. డబుల్ డిన్ ఎత్తు 100. డిన్ అన్నది జర్మనీ ప్రమాణాల సంస్థ పొట్టి పేరు. చాలా టొయోటాల్లో వెడల్పు 200 ఉంటుంది, మామూలు సెట్టు పెడితే రెండు పక్కలా వేలంత సందు మిగులుతుంది. దానికి పక్క పట్టీలు విడిగా దొరుకుతాయి.

కప్లర్ ఊడటం లేదు

సెట్టు ముందుకి తెచ్చి, గేరు దగ్గర తువ్వాలు పరిచి దాని మీద పెట్టండి. వైర్లు పట్టుకుని లాగితే పిన్ను లోపలే తెగి, ఏ వైరు ఎక్కడిదో తెలియకుండా పోతుంది. కప్లర్ మీద చిన్న నాలుక ఉంటుంది. ముందు కప్లర్‌ని కొంచెం లోపలికి నొక్కితే ఆ నాలుక వదులవుతుంది, అప్పుడు దాన్ని అదిమి వెనక్కి లాగాలి. యాంటెన్నా ప్లగ్గు గుండ్రంగా ఉంటే లోహపు భాగం పట్టుకుని సూటిగా లాగండి.

స్క్రూ చీకట్లో పడిపోయిందా, అయస్కాంతపు పుల్ల ఒకటి ఉంటే సరి. పడకుండా ఉండాలంటే స్క్రూడ్రైవర్ మొనకి చిటికెడు గ్రీజు రాయండి.

బ్యాటరీ పెట్టాక "కోడ్" అని అడుగుతోంది

పాత సెట్టే తిరిగి పెట్టినవాళ్లకి వచ్చే తలనొప్పి ఇది. కరెంటు పోయి వచ్చింది కాబట్టి దొంగిలించారేమోనని సెట్టు అనుమానం. ఊహించి నొక్కుతూ పోకండి, తప్పులు ఎక్కువైతే పూర్తిగా లాక్ అవుతుంది. చాలా హోండాల్లో రేడియో ఆఫ్‌లో ఉండగా 1, 6 బటన్లు కలిపి పట్టుకుని పవర్ నొక్కితే సీరియల్ నంబరు తెర మీద వస్తుంది. రెనోల్లో సెట్టు ఒంటి మీది లేబుల్‌పై ఒక అక్షరం, మూడంకెలు ఉంటాయి. ఆ నంబరు, ఆర్‌సీ పట్టుకుని డీలర్ దగ్గరికి వెళ్తే కోడ్ ఇస్తారు. సెట్టు బయట ఉన్నప్పుడే ఆ లేబుల్ ఫోటో తీసుకోండి, లేకపోతే దానికోసం మళ్లీ అంతా విప్పాలి.

సెట్టుకి ప్రాణం లేదు

ముందు ఫ్యూజులు చూడండి. స్టీరింగ్ కింద బాక్సులో ఒకటి, సెట్టు వెనక ఒకటి ఉంటాయి. పైకప్పు లైటు కూడా వెలగడం లేదంటే దాదాపు ఖాయం, చాలా జపాన్ తరహా కార్లలో ఆ లైటుకీ రేడియో మెమరీకీ ఫ్యూజు ఒకటే. ఎంత ఆంపియర్ల ఫ్యూజు పోతే అంతే వెయ్యండి. 10 పోయిందని 20 వేస్తే ఈసారి వైరు పోతుంది. ఫ్యూజు బాగుంటే ఎర్త్ చూడండి. నల్ల వైరు బాడీ ఇనుముకి తగిలి ఉండాలి, పెయింటు మీద బిగిస్తే తగిలినట్టు కాదు.

తాళం తీస్తే స్టేషన్లు మరిచిపోతోంది, లేదా పొద్దుటికి బ్యాటరీ డౌన్

ఈ రెండూ ఒకే తప్పుకి రెండు ముఖాలు. కొత్త సెట్లలో పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండాల్సింది, అంటే గడియారం, మెమరీ కోసం. ఎర్ర వైరు తాళం తిప్పినప్పుడే కరెంటు రావాల్సింది. రెండూ తారుమారైతే తాళం తీయగానే మెమరీ పోతుంది. రెండూ కలిపి బ్యాటరీ లైనుకి వేస్తే సెట్టుకి కారు ఆగిందని తెలియదు, రాత్రంతా మేలుకుని బ్యాటరీ తాగేస్తుంది.

బావగారి కారులో జరిగింది రెండోది. వారం తిరక్కుండా మూడుసార్లు తోసి స్టార్ట్ చేశారు, కొత్త బ్యాటరీ కూడా కొన్నారు. విప్పి చూస్తే ఒక షాపువాళ్లు కంపెనీ కప్లర్ కోసేసి, ఎరుపు, పసుపు కలిపి మెలేసి టేపు చుట్టారు. ఎండకి టేపు జిగురు కారి, మెలిక సగం బయటపడి, పక్కనున్న ఇనుప పట్టీకి వేలెడు దూరంలో వేలాడుతోంది.

పట్టుకోవడం తేలిక. మల్టీమీటర్‌ని డీసీ వోల్టుల్లో పెట్టి, నల్ల పిన్ను బాడీకి ఆనించండి. తాళం తీసి ఉండగా 12 వోల్టులకి పైన చూపే వైరుకి పసుపు, తాళం మొదటి మెట్టు తిప్పాక మాత్రమే చూపే వైరుకి ఎరుపు కలపాలి. కారు వైపు రంగుల్ని నమ్మకండి, కంపెనీకో రంగు ఉంటుంది. ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణం) కప్లర్ ఉన్న పాత ఫోక్స్‌వ్యాగన్లలో కప్లర్ సరిగ్గా కూర్చున్నా ఈ రెండు పిన్నులూ తారుమారుగా ఉంటాయి. మీ మోడల్‌కి సరిపడే కప్లర్ వైరింగ్ కొంటే కోయాల్సిన పనే ఉండదు. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీలోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కారు పేరు, సంవత్సరం చెప్పి అడగండి. వారంటీలో ఉన్న కారైతే కోత మాట అసలు తలపెట్టకండి.

శబ్దం తేడాగా ఉంది

ఒక పక్క మోగకపోతే కొత్త సెట్టు వైరు జత చూడండి: తెలుపు ఎడమ ముందు, బూడిద కుడి ముందు, ఆకుపచ్చ ఎడమ వెనక, ఊదా కుడి వెనక. నల్ల చార ఉన్నది మైనస్. పాట వస్తోంది కానీ బాస్ పలచబడిందంటే ఒక స్పీకర్‌కి ప్లస్ మైనస్ తిరగబడి ఉంటుంది. ఒక కోను (స్పీకర్‌లో ఊగే గరాటు లాంటి పొర) ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. వైర్లు సెట్టు నుంచి విడిగా ఉన్నప్పుడు గోడ గడియారం సెల్లు ఒకటి, 1.5 వోల్టులది, క్షణం తాకించండి. "టక్" అన్న చోటే ఆ స్పీకర్. కోను బయటికి కదిలితే సెల్లు ప్లస్ తగిలిన వైరే ప్లస్.

స్పీకర్ మైనస్‌ని ఎర్త్‌కి కలపకండి. పాత టేపు రికార్డర్ల కాలంలో కొన్నింటికి చెల్లేదేమో, ఇప్పటి సెట్లలో అలా చేస్తే ఔట్‌పుట్ ఐసీ, అంటే స్పీకర్లని మోగించే చిప్పు, కాలిపోతుంది.

యాక్సిలరేటర్‌తో పాటు పెరిగే "కుయ్" మనే ఈల వస్తే ఎర్త్ బలహీనం. పెయింటు గీకి బోల్టుతో బిగించండి.

ఎఫ్‌ఎం గరగరలాడుతోంది

ముందు 102.8 హైదరాబాద్ వివిధ భారతి ఊరవతల దాకా వచ్చేది, ఇప్పుడు ఊళ్లోనే రావడం లేదా? ప్లగ్గు చివరిదాకా దిగలేదేమో చూడండి. దిగినా రాకపోతే యాంటెన్నా మొదట్లో ఉండే, సిగ్నల్ పెంచే బూస్టర్‌కి కరెంటు అందడం లేదు. పైకప్పు మీద పొట్టి యాంటెన్నాలున్న చాలా కార్లలో బూస్టర్ ఉంటుంది. కొత్త సెట్టు నీలం వైరు దానికి కలపాలి.

ఇతర చికాకులు

ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదంటే ఏదో కప్లర్ పెట్టకుండా తాళం తిప్పారన్నమాట. కొన్ని కార్లలో ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ సూచిక మధ్య ప్యానెల్‌లోనే ఉంటుంది. బ్యాటరీ తీసి కప్లర్ పెట్టినా ఆరకపోతే స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికే. ఇండికేటర్లు పోతే హజార్డ్ బటన్ కప్లర్ చూడండి. కిటికీ అద్దం ఒక్క నొక్కుతో పైకి వెళ్లడం మానేస్తే, పూర్తిగా ఎక్కించి స్విచ్ కొన్ని సెకన్లు పట్టుకోండి. స్టీరింగ్ బటన్లకి కొత్త సెట్టులో "కీ" వైర్లు కలిపి ఒక్కొక్క బటన్ నేర్పించాలి. ఆ బటన్లు క్యాన్ లైను (కారులోని కంప్యూటర్లు మాట్లాడుకునే వైరు) మీద నడిచే కార్లకి మధ్యలో అడాప్టర్ డబ్బా తప్పదు. వెనక కెమెరా, కారు సెట్టింగులు అన్నీ తెరలోనే ఉన్న కొత్త మోడళ్ల జోలికి మాత్రం నేను వెళ్లను.

ప్యానెల్ పూర్తిగా నొక్కేముందే బ్యాటరీ పెట్టి పాట, ఎఫ్‌ఎం, హజార్డ్, ఏసీ అన్నీ ఒకసారి చూసుకోండి. తీసిన పాత సెట్టుని పట్టీలు, స్క్రూలు, కోడ్ కార్డుతో సహా ఒకే డబ్బాలో పెట్టి అటక మీద పడేయండి. కారు అమ్మేనాడు కొత్తది విప్పుకుని, అదే కప్లర్‌కి పాతది తగిలించి ఇచ్చేయొచ్చు.